ఉప్పుగూడ అడితిలో రంగూన్ మనిషి

ఉప్పుగూడ స్టేషను వెనక వైకుంఠం సేటుకు ఒక కలప అడితి ఉండేది. పందొమ్మిది వందల నలభై ఒకటి కార్తీకంలో ఆ అడితికి రంగూన్ నుంచి సింహాద్రి అనే మనిషి వచ్చాడు. అక్కడ ఒక కలప కంపెనీలో అతను కొలతల గుమాస్తా. సేటు కొన్న బర్మా టేకు దుంగలు మద్రాసు రేవులో దిగి, రైలు మీద ఉప్పుగూడ చేరాయి. వాటి వెంట కంపెనీ అతన్నీ పంపింది. దుంగల మీది సుత్తిముద్రలు సరిచూసి, కొలిచి, ఒప్పజెప్పాలి. రెండో ఓడలో ఇంకా సరుకు రావాలి. అది కూడా ఒప్పజెప్పాక తిరిగి వెళ్ళాలి. చలికాలం దాటకుండా వచ్చేస్తానని భార్య పైడమ్మతో చెప్పి బయలుదేరాడు.

సింహాద్రి తండ్రి విశాఖపట్నం వైపు మనిషి. కుర్రతనంలో కూలికని ఓడెక్కి రంగూన్‌లో ఉండిపోయాడు. సింహాద్రి పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అందుకని హైదరాబాదు అతనికి పరదేశం. మనుషులు తెలుగే మాట్లాడుతున్నా సగం మాటలు అందేవి కావు.

మొదటి రోజు మధ్యాహ్నం అడితి షెడ్డు కింద అందరూ అన్నాలకు కూర్చున్నారు. కోత మేస్త్రీ దుర్గయ్య తన టిఫిను విప్పి, గుండ్రంగా చిల్లులున్న మందపాటి రొట్టె ఒకటి తుంచి అతని చేతిలో పెట్టాడు.

"ఏటిది?" అన్నాడు సింహాద్రి.

"ఏటిది గాదు, బాయిది గాదు. మా ఇంటిది. సర్వపిండి. తిను."

అడితి గుమాస్తా మొగులయ్యకు నవ్వొచ్చి పొలమారింది. బండ్ల మేస్త్రీ జాఫర్ అతని వీపు మీద చరిచాడు. సింహాద్రికి ఆ నవ్వు ఎందుకో కాసేపటికి గాని అర్థం కాలేదు. అయ్యాక అతనూ నవ్వాడు. ఆ రోజు నుంచి వాళ్ళు అతని 'ఏటి'ని, అతను వాళ్ళ 'ఏంది'ని వెక్కిరించుకుంటూ తినేవారు.

దుర్గయ్య మలక్‌పేట పాలవాళ్ళ ఇంటి మనిషి. బర్రెలను అన్నదమ్ములకు వదిలి, రంపం పట్టాడు. బలమైన ఒళ్ళు, మీసాలు, పెద్ద గొంతు. మొగులయ్య వయసులో అందరికంటే పెద్ద, తక్కువ మాట్లాడతాడు, మాంసం ముట్టడు. జాఫర్ కోసిన కలపను బండ్ల మీద ఊళ్ళోకి చేరవేయిస్తాడు. పాతబస్తీలో ఏ గల్లీలో ఏం బాగా వండుతారో అతనికి తెలుసు.

శుక్రవారం అడితికి సెలవు. జాఫర్ నమాజు చేసి వచ్చేదాకా ఆగి, నలుగురూ కలిసి ఎటో ఒకవైపు వెళ్ళేవారు. ఒకసారి మీరాలం చెరువుకి వెళ్ళారు. మొగులయ్య భార్య నాగమణమ్మ కట్టిచ్చిన బగారన్నం, పచ్చిపులుసు గట్టు మీద కూర్చుని తిన్నారు. ఒకసారి గోలకొండ ఎక్కారు. కింద దర్వాజా దగ్గర దుర్గయ్య చప్పట్లు కొడితే పైన వినిపించాలి. అతను చప్పట్లతో ఆగకుండా "ఓ సింహాద్రన్నా, ఆకలైతుందే!" అని అరిచాడు. పైనున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళంతా నవ్వారు. ఇంకోసారి నమాజు దాకా ఆగకుండా తెల్లవారుతూనే నహారీ తినడానికి పోయారు. రాత్రంతా ఉడికిన మేక కాళ్ళ పులుసులో కుల్చా రొట్టె ముంచుకుని ముగ్గురు తింటుంటే, మొగులయ్య పక్క బల్ల దగ్గర మొహం అటు తిప్పుకుని చాయ్ తాగాడు.

సింహాద్రి కూడా ఒక రోజు తన డబ్బా తెరిచాడు. రొయ్యలు కుళ్ళబెట్టి బర్మావాళ్ళు చేసే నాపీ అది. మూత తీసీ తీయగానే షెడ్డు కింద మనుషులెవరూ మిగల్లేదు.

"సచ్చిన ఎలుకనా ఏంది అది!" అని దుర్గయ్య రంపపు గుంట అవతలి నుంచి అరిచాడు. "నీ భార్య ఎట్ల వండుతదే దాన్ని?"

"పైడమ్మా? అది ముక్కు మూసుకుని వండుతాది. మా నాన్న చేతులు నాక్కుంటూ తింటాడు."

ఇవన్నీ వెళ్ళాక పైడమ్మకు వరసగా చెప్పాలని సింహాద్రి అనుకునేవాడు. ఆమెకు చెప్పేటప్పుడు ఏది ముందు చెప్పాలి, ఏది దాచుకుని చివర్న చెప్పాలి అని పడుకునే ముందు లెక్కవేసుకునేవాడు. అంత సంతోషంగా అతను రంగూన్‌లో కూడా లేడు. అక్కడ పని, ఇల్లు, పని. తోటివాళ్ళతో ఇలా తిరిగింది లేదు.

జపాను యుద్ధంలోకి దిగిందని తెలిసినప్పుడు మొగులయ్య అడిగాడు, "మీ దిక్కు వస్తరా వాళ్ళు?"

"రంగూన్ దాకా రాలేరండీ. మధ్యలో సింగపూరు ఉంది కదా" అన్నాడు సింహాద్రి. అతనలా నిజంగానే నమ్మాడు.

డిసెంబరు ఆఖరి వారంలో ఒక శుక్రవారం మలక్‌పేటలో గుర్రప్పందాలు చూడబోయారు. లోపలికి వెళ్ళకుండా కంచె బయట నిలబడ్డారు. దుర్గయ్య తన బర్రెల అనుభవమంతా పెట్టి, తోక తీరు బట్టి, నడక బట్టి, ఏ గుర్రం గెలుస్తుందో చెప్పాడు. అతను చెప్పిన గుర్రం ప్రతిసారీ ఆఖరున వచ్చింది. "అది పాలిచ్చే గుర్రంరా భాయ్, ఉరికే గుర్రం కాదు" అన్నాడు జాఫర్. నవ్వి నవ్వి సింహాద్రికి డొక్కలు నొప్పి పుట్టాయి. తిరుగు దారిలో చాయ్ కోసం ఇరానీ హోటల్లో కూర్చున్నారు.

హోటల్లో రేడియో ఉంది. ఉర్దూలో వార్తలు వస్తున్నాయి. మొదట జాఫర్ మాట్లాడటం ఆపాడు. తరవాత పక్క బల్లల వాళ్ళు ఆపారు. రంగూన్ మీద జపాను విమానాలు రెండుసార్లు బాంబులు వేశాయి. రేవు, బజార్లు తగలబడుతున్నాయి. వీధుల్లో చచ్చిన వాళ్ళకు లెక్క తెలియదు. జనం ఊరు విడిచి పారిపోతున్నారు.

సింహాద్రి ఇల్లు రేవు పక్కనే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

అతని చేతిలో బిస్కెట్టు ఉంది. దాన్ని చాయ్‌లో ముంచి తిన్నాడు. రెండోది తీసుకుని ముంచాడు. అది మెత్తబడి కప్పులో పడిపోతే చెంచాతో తీసి తిన్నాడు. అంతా అయ్యాక తల ఎత్తి, "ఇంకో చాయ్ చెప్పమంటారా?" అన్నాడు.

దుర్గయ్య అతని మోచేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

మర్నాడు మొగులయ్య అతన్ని వెంటబెట్టుకుని తారాఫీసుకు వెళ్ళాడు. కంపెనీకి ఒకటి, పైడమ్మ పుట్టింటికి భీమునిపట్నం పక్క పల్లెకు ఒకటి తంతులు ఇచ్చారు. రంగూన్ నుంచి ఏ జవాబూ రాలేదు. పల్లె నుంచి మాత్రం వచ్చింది. వాళ్ళకూ ఏమీ తెలియదట. సేటు అతన్ని పిలిచి, "ఎటు పోతవు? ఈడనే ఉండు, పని చూసుకో" అన్నాడు. సింహాద్రి తల ఊపాడు.

పని బాగానే చేసేవాడు. టేపు సరిగ్గా పట్టేవాడు, అంకెలు తప్పేవాడు కాదు. అడిగితే జవాబు చెప్పేవాడు, పిలిస్తే వచ్చేవాడు. వేళకు నిద్ర పట్టేది. ఎప్పటిలాగే ఆకలి వేసేది. కంట్లో నీళ్ళు మాత్రం లేవు. రంగూన్ గురించి అనుకుంటే పైడమ్మ మొహం వచ్చేది, తండ్రి మొహం వచ్చేది. గోడ మీది పటాలు చూసినట్టు చూసేవాడు. గుండెలో ఏమైనా కదులుతుందేమో అని ఆగి చూసుకునేవాడు. ఏమీ కదిలేది కాదు. తనకు రోగం ఏదైనా పట్టిందా అనుకునేవాడు.

ఆ శుక్రవారాలు ఏం చేయాలో మిగతా ముగ్గురికీ తోచలేదు. ఒకసారి షెడ్డు వెనక మొగులయ్య, దుర్గయ్య గొడవపడ్డారు.

"పెండ్లాం బతికుందో లేదో తెల్వని మనిషిని పట్టుకొని నహారీకి పోదాం పా అంటవా? నీకు జర సోయి ఉందా?" అన్నాడు మొగులయ్య.

"మరి ఏం జేద్దాం? అర్రల కూసోబెట్టి తలుపు పెడదామా? ఊకె కూసుంటే మొద్దు లెక్క అయితడు."

"ఇప్పటికే అయ్యిండు."

"అందుకే తీస్కపోతున్న. నాకు ఇంకేం చేతనైతది, చెప్పు? తినవెట్టుడొక్కటే వస్తది నాకు."

ఆ శుక్రవారం మొగులయ్యే ముందు బయలుదేరాడు. పిలవగానే సింహాద్రి చెప్పులు తొడుక్కుని వచ్చాడు. పెట్టింది తిన్నాడు. బాగుందా అంటే బాగుందన్నాడు.

జనవరిలో మొహర్రం వచ్చింది. జాఫర్ నల్లబట్టలు వేసుకున్నాడు, మధ్యాహ్నం అన్నాలకు వచ్చి కూర్చోవడం మానేశాడు. పదో రోజుకి ముందు వచ్చి దుర్గయ్యతో నెమ్మదిగా అన్నాడు: "సింహాద్రి భాయ్‌ని జులూస్‌కి తీసుకురా. ఆ రోజు అందరూ ఏడుస్తరు. ఆయన ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు."

చార్మినార్ దగ్గర ఊరేగింపు చూసే జనంలో ముగ్గురూ నిలబడ్డారు. ఏనుగు మీద పీర్ల జెండా, ఆలం, వస్తోంది. ముందు నల్లబట్టల వాళ్ళు వరసలు కట్టి రొమ్ములు బాదుకుంటూ నడుస్తున్నారు. ఆ వరసల్లో జాఫర్ ఉన్నాడు. మొహం చెమటతో, కన్నీళ్ళతో తడిసి, రోజూ చూసే మనిషిలా లేడు. అరుగుల మీద ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. మట్టికుండల్లో నీళ్ళు, షర్బత్ పోస్తున్నవాళ్ళలో హిందువులూ ఉన్నారు.

సింహాద్రి చూస్తూ నిలబడ్డాడు. ఏడిస్తే బాగుంటుందని అతనికీ అనిపించింది. తనను ఇక్కడికి ఎందుకు తెచ్చారో కూడా తెలిసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, కాలిపోతున్న రేవును తలుచుకున్నాడు. అతను ఎక్కి దిగిన మెట్లను, కోతమిల్లు పొగగొట్టాన్ని తలుచుకున్నాడు. కళ్ళు తెరిస్తే ఏనుగు కాలు కనబడింది. ఆ కాలు చుట్టుకొలత ఎంతుంటుందా అనుకున్నాడు. పెద్ద దుంగంత ఉంటుందనుకున్నాడు.

పక్కన ఏదో చప్పుడయితే తిరిగి చూశాడు. దుర్గయ్య కండువా నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. అంత మనిషి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మొగులయ్య అతని వీపు నిమురుతున్నాడు. సింహాద్రి పోయి ఒక కుండలో నీళ్ళు పట్టించుకొచ్చి దుర్గయ్యకు తాగించాడు.

"నీకు రావాల్నే ఇవి" అన్నాడు దుర్గయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "నాకెందుకు వచ్చినయో."

"పరవాలేదండి. తాగండి" అన్నాడు సింహాద్రి.

చలికాలం పోయింది. సింగపూరు పడిపోయింది. ఆ తరవాత రంగూన్ కూడా జపాను వాళ్ళ చేతికి చిక్కింది. రెండో ఓడ ఇక రాదని సేటు తేల్చుకుని, ఆదిలాబాదు అడవుల టేకు తెప్పించడం మొదలుపెట్టాడు. బర్మా నుంచి కొండలెక్కి నడిచి వస్తున్న వాళ్ళ సంగతులు రేడియోలో వచ్చేవి. దారిలో రోగాలకి, ఆకలికి మనుషులు రాలిపోతున్నారని చెప్పేవారు. అవి వచ్చినప్పుడల్లా హోటల్ వాడు సింహాద్రి వైపు చూసి రేడియో గొంతు తగ్గించేవాడు. వద్దు, పెట్టమనేవాడు సింహాద్రి. విని, చాయ్ తాగి, లేచేవాడు.

రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం, అందరూ షెడ్డు కింద తింటుండగా అడితి గేటు దగ్గర ఒక ఆడమనిషి కనబడింది. నల్లగా ఎండిపోయి ఉంది. జుట్టు కురచగా కత్తిరించి ఉంది. సంకలో చిన్న మూట. బిచ్చానికి వచ్చిందనుకుని దుర్గయ్య రొట్టె తీసుకుని లేచాడు.

సింహాద్రి చేయి అన్నంలో ఆగింది.

ఆమె గేటు దాటి, దుంగల మధ్య నుంచి నడిచి వచ్చి అతని ఎదుట నిలబడింది. పైడమ్మ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అన్నం తిన్నావా?" అన్నాడు సింహాద్రి.

"లేదు" అంది ఆమె.

అతను కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. ఆమె ఎవరో మిగతావాళ్ళకు అప్పుడు అర్థమయింది. మొగులయ్య తన టిఫిను గిన్నె మొత్తం ఆమె ముందు పెట్టాడు. జాఫర్ కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చాడు. దుర్గయ్య చేతిలో రొట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆమె తలెత్తకుండా తింది. తిన్నాక చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని చెప్పింది.

"మావని తోవలో ఒగ్గీసినాం. అరకాన్ కొండల్లో. విరోచనాలు పట్టుకున్నాయి. లేవలేకపోనాడు. కూడా ఉన్నోళ్ళు ఆగలేదు. నేను ఒక రాత్రి ఆగాను. పొద్దున్నకి లేడు. కప్పెట్టడానికి నా దగ్గర ఏటీ లేదు. ఆకులు కప్పీసి వచ్చినాను."

సింహాద్రి విన్నాడు. "జుట్టో?" అన్నాడు.

"చిట్టగాంగులో జొరం వచ్చినాది. ఆస్పత్రోళ్ళు కత్తిరించీసినారు. అక్కడే మంచం మీదున్నాను ఇన్నాళ్ళూ. లేచాక మా అమ్మ ఊరికి ఎల్లాను. అక్కడ నీ అడ్రసు ఇచ్చారు."

"ఒక్కదానివే వచ్చినవా తల్లీ?" అన్నాడు మొగులయ్య.

"మా తమ్ముడు వస్తానన్నాడండి. ఆ కొండలు నడిచొచ్చినదాన్ని, రైలెక్కి రాలేనా అన్నాను. కాచిగూడలో బండి మారాను."

"కూర ఇంకొంచెం ఉందా?" అని సింహాద్రి దుర్గయ్యను అడిగాడు. "ఇది ఇంకా తింటాదేమో."

ఆ సాయంత్రం నాగమణమ్మ వచ్చి పైడమ్మను తన ఇంటికి తీసుకెళ్ళింది. సింహాద్రి కూడా తను ఉంటున్న అడితి పైగది వదిలి, మొగులయ్య ఇంట్లో వెనక అర్రలోకి మారాడు. మొగుడూ పెళ్ళాలు ఒక చాప మీద పడుకునేవారు. తండ్రి పోయినందుకు సింహాద్రి తల గొరిగించుకున్నాడు, మూసీలో స్నానం చేశాడు. చేయవలసినవన్నీ చేశాడు. గోలకొండ, మీరాలం చెరువు, ఏదీ ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

పైడమ్మకు ఒంటి మీదున్న చీర తప్ప ఇంకోటి లేదు. నాగమణమ్మ పాతచీరలు ఇచ్చింది గాని, ఒక కొత్తది కొనాలని పట్టుబట్టింది. ఒక శుక్రవారం సాయంత్రం అందరూ కలిసి పత్తర్‌గట్టికి వెళ్ళారు. జాఫర్‌కు తెలిసిన బట్టల కొట్టు అది. తెల్ల పరుపుల మీద కూర్చున్నారు. కొట్టువాడు చీరలు విప్పి పరుస్తున్నాడు. ఏది చూపినా పైడమ్మ తల ఊపుతోంది. ఏది కావాలో చెప్పడం లేదు.

"గట్ల పరిస్తే ఎట్ల తెలుస్తది? కడితే గద తెలిసేది" అన్నాడు దుర్గయ్య. ఒక ఎర్రంచు పచ్చచీర అందుకుని, పైట భుజాన వేసుకుని, కుచ్చెళ్ళు పట్టుకుని లేచాడు. మీసం మీద కొంగు అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, కొత్త పెళ్ళికూతురిలా కొట్టు గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగాడు. "ఏమయ్యో, చాయ్ తాగుతవా?" అన్నాడు జాఫర్‌తో, సన్నటి గొంతుతో.

పైడమ్మ నవ్వింది. ముందు పెదవులు బిగబట్టింది, తరవాత ఆపుకోలేక పైకే నవ్వింది. నాగమణమ్మ నవ్వింది, కొట్టువాడూ నవ్వాడు.

సింహాద్రి లేచి నిలబడ్డాడు.

"ఏటి నవ్వులు?" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఏటి నవ్వులని అడుగుతున్నాను! మా నాన్న ఆ కొండల్లో ఆకుల కింద పడున్నాడు. కుక్కలు పీక్కుతిన్నాయో, నక్కలు తిన్నాయో. మీకు వేషాలా? రోజూ తిను, తిను, తిను! మీరు పెట్టారు, నేను తిన్నాను. అక్కడ ఆయనకి గుక్కెడు గంజి లేదు, ఇక్కడ నేను కూర్చుని తింటానే ఉన్నాను. ఎందుకు పెట్టారు? ఎవడు పెట్టమన్నాడు మిమ్మల్ని?"

బజారులో పోయేవాళ్ళు ఆగారు. కొట్టువాడు లేవబోతే జాఫర్ చేయి పట్టి కూర్చోబెట్టాడు. దుర్గయ్య భుజాన చీర అలాగే ఉంది. తీయడానికి చేతులు రాలేదు.

"దాన్ని కూడా నవ్వించారు" అన్నాడు సింహాద్రి. పైడమ్మ వైపు చూశాడు.

మొగులయ్య ఒక్కడే మాట్లాడాడు. "అను సింహాద్రీ. ఇంకా అనాల్నంటే అను. మేం ఈడనే ఉంటం."

సింహాద్రి గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. ఏడుపు అప్పుడు కూడా పూర్తిగా రాలేదు. దగ్గులాంటిది ఏదో వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. పైడమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు. "నేనూ అంతేనయ్యా. అన్నం పెడితే తిన్నాను. చిట్టగాంగులో పెడితే తిన్నాను" అంది.

చీర కొనకుండానే వెనక్కి వచ్చారు.

తరవాత కొన్నాళ్ళు సింహాద్రి మధ్యాహ్నం షెడ్డు కిందికి రాలేదు. దుంగల చాటున ఒక్కడూ కూర్చుని తినేవాడు. దుర్గయ్య పిలవలేదు, అటు వెళ్ళలేదు. దుంగలు కోసేటప్పుడు మాత్రం పనికి కావలసిన రెండు మాటలు అనుకునేవారు. ఒకరోజు దుర్గయ్యకు జ్వరం వచ్చి పనికి రాలేదు. మర్నాడూ రాలేదు. సింహాద్రి మొగులయ్యను అడిగి అతని ఇల్లెక్కడో తెలుసుకున్నాడు. పైడమ్మ చేత గంజి కాయించుకుని, గిన్నె గుడ్డలో కట్టుకుని మలక్‌పేటకు నడిచి వెళ్ళాడు.

దుర్గయ్య మంచం మీద ముసుగు తన్ని పడుకున్నాడు. బర్రెల వాసన, పేడ వాసన. సింహాద్రి గిన్నె విప్పి, "లేవండి. తాగండి" అన్నాడు.

దుర్గయ్య ముసుగు తీసి చూశాడు. "ఏందిది?"

"గంజి."

దుర్గయ్య లేచి కూర్చుని తాగాడు. సింహాద్రి గోడకు ఆనుకుని, అతను తాగడం అయ్యేదాకా కూర్చున్నాడు. గిన్నె కడిగి తీసుకుని ఉప్పుగూడ వెళ్ళిపోయాడు. దుర్గయ్య పనిలోకి వచ్చిన రోజు సింహాద్రి తన టిఫిను తెచ్చుకుని షెడ్డు కింద కూర్చున్నాడు.

యుద్ధం అయిపోయాక, రంగూన్ పోతారా అని సేటు అడిగించాడు. సింహాద్రి పైడమ్మ వైపు చూశాడు. ఆమె నాగమణమ్మతో కలిసి అరుగు మీద మామిడికాయలు తరుగుతోంది. వద్దంది. కారం చాలదని, ఇంకాస్త తెమ్మని అతన్ని లోపలికి పంపింది.